అలమార తలుపుల అద్దాలు

"వడ్రంగిని వెనక్కి పంపడం ఇది మూడోసారి అత్తయ్యా. ఈసారి టేపు తీసి కొలతలు కూడా రాసుకున్నాడు. మళ్లీ పిలిస్తే మన గుమ్మం తొక్కుతాడా?" అంది కోడలు, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"తొక్కకపోతే గుమ్మం అరగదు. మంచిదే."

"కింది చెక్కంతా చెదపట్టింది. డబ్బాల మీద పొడి రాలుతోంది. ఇల్లంతా రోజుకు రెండుసార్లు తుడిచే మనిషి ఈ ఒక్క అలమారను ఎలా భరిస్తున్నారో నాకు అర్థం కాదు."

"నలభై ఏళ్లు భరించాను. ఇంకొన్నాళ్లు భరిస్తాను."

"పోనీ, తలుపులు ఇవే ఉంచుదాం. లోపలి చెక్క మార్పిస్తాను. సరేనా?"

"తలుపుల జోలికి మాత్రం రావద్దు."

"నేనన్నదీ అదే కదా!"

ముందు గదిలోంచి అత్తగారి భర్త పేపరు కిందికి దించాడు. "ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. ఇంకా పోట్లాట దేనికి?"

"మీరు పేపరు చదవండి."

"మీరు పేపరు చదవండి మావయ్యా."

పేపరు మళ్లీ పైకి లేచింది. కొడుకు స్నానాల గదిలోంచి బయటికే రాలేదు. ఎప్పుడు మాయం కావాలో ఆ ఇంటి మగవాళ్లకు బాగా తెలుసు. కోడలు గడియారం చూసుకుని, చెప్పులేసుకుని, తను పనిచేసే ఆసుపత్రి ల్యాబుకి బయలుదేరింది. వీధి గుమ్మం దగ్గర ఆగి, "నాలుగోసారి మాత్రం అతన్ని మీరే పిలవాలి, నేను పిలవను," అని వెళ్లిపోయింది.

అత్తగారు వంటింట్లో ఒంటరిగా మిగిలింది. ఆ ఇంట్లో ఆవిడ పేరు శుభ్రమ్మ. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది కాగితాల మీదే మిగిలిపోయింది. కాపురానికి వచ్చిన వారంలోనే మరిది చెప్పుల అడుగుభాగం కూడా కడిగి ఎండబెడితే, "ఈవిడ వదిన కాదు, శుభ్రమ్మ," అన్నాడు అతను. అంతే, ఆ పేరు జిగురుపెట్టి అతికించినట్టు అతుక్కుపోయింది.

శుభ్రమ్మ పొడిగుడ్డ తీసుకుని అలమార తలుపులు తుడిచింది. తలుపుకు పన్నెండేసి, మొత్తం ఇరవై నాలుగు అద్దాలు. ఒక్కొక్కటి మనిషి అరచేతికంటే కాస్త పెద్దది. అన్నీ ఒకే కొలత. ఎడమ తలుపు మూడో వరసలో మధ్య అద్దం దగ్గర ఆమె చెయ్యి ఎప్పటిలాగే ఒక్క క్షణం నెమ్మదించింది. అద్దాన్ని పట్టి ఉంచిన సన్నని చెక్క అంచు కింద వెంట్రుకంత గోధుమరంగు గీత ఉంది. తెలియనివాళ్లకు అది మురికి. ఇంట్లో ఏ మురికినీ వదలని శుభ్రమ్మ దాన్ని నలభై ఏళ్లుగా వదిలేసింది.

పది గంటలకు లైబ్రేరియన్ వచ్చింది.

ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి మూతపడి చాలాకాలమైంది. ఆ భవనాన్ని పురపాలక సంఘం వాళ్లు స్థానిక చరిత్ర కేంద్రం కోసం ఇచ్చారు, దాన్ని నడిపే పని లైబ్రేరియన్ నెత్తిన పెట్టారు. బోర్డు కట్టిన రోజు జనం నవ్వారు. "పాత సామాను కొట్టుకి ఇంత పెద్ద బోర్డా!" అన్నారు. తర్వాత ఒక్కొక్కరే అటకలు దులిపారు. మిల్లు హాజరు పుస్తకాలు వచ్చాయి. ఒక దర్జీ తన తాత రాసుకున్న కొలతల పుస్తకం తెచ్చిచ్చాడు. ఊళ్లో సగంమంది తమ తాతల నడుము కొలత చూసుకోవడానికి వచ్చి పోయారు. ఒకప్పుడు వైర్లూ స్విచ్చులూ ఉన్న ఇనుప ర్యాకుల్లో ఇప్పుడు అట్టపెట్టెలు వరసగా కూర్చున్నాయి.

శుభ్రమ్మ ఇంటి నుంచి వెళ్లింది ఫొటో స్టూడియో రిజిస్టరు. ఊళ్లో మొదటి స్టూడియో పెట్టింది ఆమె మామగారు. ఆయన తర్వాత భర్త నడిపాడు, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. మామగారు తీసిన ప్రతి ఫొటోకూ నంబరు వేసి, పక్కన ఒక ముక్క రాసేవారు. లైబ్రేరియన్ ఆ రిజిస్టరును బిడ్డను ఎత్తుకున్నట్టు పొదివిపట్టుకుని మళ్లీ తెచ్చింది.

"రెండువందల పన్నెండు నుంచి రెండువందల ముప్పై అయిదు వరకు. పాత అంగడి వీధి," అని చదివింది, శుభ్రమ్మకు అత్తగారైన పెద్దావిడ చెవి దగ్గరగా వంగి. "వీధి పడగొట్టడానికి ముందు ఆయన అక్కడి కొట్లకు ఇరవై నాలుగు ఫొటోలు తీశారు. ఇదిగో చూడండి: 'గొడుగులు బాగుచేసే ఆయన, కాలు మీద కాలు.' 'గడియారాల కొట్టు, తలుపు సగం తెరిచి.' 'తూకాల కొట్టు, యజమాని నవ్వలేదు.' దాని కిందే, 'అదే కొట్టు. నవ్వాడు. అరగంట పట్టింది.'"

పెద్దావిడ బోసినోటితో నవ్వింది. ఎనభై ఆరేళ్లు. మోకాళ్లు పోయాయి గానీ నోరు మాత్రం పోలేదు. "ఆయనంతే. నవ్వించకుండా వదిలేవాడు కాదు. నన్ను తప్ప."

"ఆ వీధికి ఇంకో ఫొటో ఊళ్లో ఎక్కడా లేదు," అంది లైబ్రేరియన్. "ఆ గాజు నెగటివ్‌లే ఉండి ఉంటే, ఒక గోడంతా వాటికే ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆ గోడ మీద చీటీ పెడుతున్నాం. మా దగ్గర అదొక పద్ధతండీ. ఉన్నవాటికే కాదు, లేనివాటికీ చీటీ రాస్తాం. ఏం పోయింది, ఎలా పోయింది, ఎవరు చెప్పారు. పక్కన బటన్ నొక్కితే అమ్మగారు పోయిన వారం చెప్పిన మాటలు వినిపిస్తాయి."

సంచిలోంచి చిన్న రికార్డరు తీసి నొక్కింది. పెద్దావిడ గొంతు గదిలో గట్టిగా మోగింది: "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా చిన్నాడే. తోపుడు బండి మీద కొట్టు సామాను ఇంటికి చేరవేయమంటే, గాజు పలకల డబ్బా దార్లో పడేసుకున్నాడు. ఒప్పుకోలేదు. ఇంట్లోనే పెట్టానని ఒట్లు పెట్టాడు. వాళ్ల నాన్న మళ్లీ వాడి చేతికి కెమెరా ఇవ్వలేదు."

"బాగా చెప్పానా?" అంది పెద్దావిడ తన గొంతు విని మురిసిపోతూ.

శుభ్రమ్మ గ్లాసులు తీయడానికి లేచింది. ఇంకా ఎవరూ టీ తాగడం పూర్తిచేయలేదు.

"ఇది చీటీ," అంటూ లైబ్రేరియన్ ఒక కాగితం ఇచ్చింది. "'కొట్టు మార్చే సమయంలో, ఫొటోగ్రాఫరు చిన్న కుమారుడి అజాగ్రత్త వల్ల దారిలో పోయాయి.' ఆయన ప్రస్తావన ఉంది కాబట్టి ఆయన సంతకం కావాలి. మీ మరిదిగారి ఇల్లు దగ్గరే కదా, మీరు చేయించి పెడతారా? ప్రారంభం బుధవారం."

"చేయిస్తాను," అంది శుభ్రమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వచ్చింది.

నలభై ఏళ్ల కిందట, కొట్టు మార్చేనాటికి ఆమె కాపురానికి వచ్చి మూడు నెలలు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఫిల్ము రాకముందు ఫొటోలను గాజు పలకల మీద తీసేవారు. పలకకు ఒకవైపు మందు పూత ఉంటుంది, బొమ్మ దాని మీద పడుతుంది. పాత పలకల్లో మసకబారినవీ చెడిపోయినవీ మామగారు ఏరి, వెనక వరండాలో నీళ్లతొట్టి పక్కన పెట్టేవారు. ఆడవాళ్లు వాటిని వేడినీళ్లలో బట్టల సోడా కలిపి నానబెట్టేవారు. పూత పాలమీది మీగడలా ఊడి వచ్చేది. మిగిలిన గాజు ఫ్రేములు కట్టడానికి. ఇంట్లో ఇంత గాజు ఉండగా బయట కొనడం ఆ ఇంట్లో నేరం కింద లెక్క. ఈ పని అత్తగారే పక్కన కూర్చుని నేర్పింది. "గోరుతో గీకకు, గీత పడుతుంది. గుడ్డతో రుద్దు."

కొట్టు మార్చిన రోజు మరిది నాలుగుసార్లు తోపుడు బండి తోశాడు. పంతొమ్మిదేళ్లవాడు. చివరిసారి తెచ్చిన డబ్బాను, చేతులు పడిపోతుంటే, వెనక వరండాలో తొట్టి పక్కన దించి నీళ్లు తాగడానికి పోయాడు. తొట్టి పక్కన ఉన్నవి కడగాలని శుభ్రమ్మకు తెలుసు. కడిగింది. పలక ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తే మనుషుల మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉన్నాయి. చెడిపోయినవాటిలోనూ అలాగే ఉంటాయి. నెగటివ్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంచుల్లో నంబర్లు రాసిన కాగితం పట్టీలు ఉంటే అవి కూడా నానబెట్టి తీసేసింది. ఒకటి మాత్రం ఎంతకీ రాలేదు. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు పలకలూ తళతళలాడుతూ ఎండలో వరసగా నిలబడ్డాయి.

సాయంత్రం మామగారు వెతకడం మొదలుపెట్టారు.

ఆయన గొంతు లేచేసరికి శుభ్రమ్మకు విషయం అర్థమైంది. రేపు చెబుదామనుకుంది. రేపు మామగారు అన్నం ముట్టలేదు. ఎల్లుండి చెబుదామనుకుంటే, ఎల్లుండికి ఇంట్లో అందరూ తప్పు చిన్నాడిదని తేల్చేశారు. "డబ్బా మోయలేనివాడు కెమెరా ఏం మోస్తాడు?" అన్నారు మామగారు. స్టూడియోలో రోజంతా వేలాడే ఆ కుర్రవాడు ఏడాది తిరక్కుండా బస్సు డ్రైవరుగా చేరాడు. ఆ తర్వాత చెప్పడమంటే, పోయిన పలకల గురించే కాదు, ఊరుకున్న రోజుల గురించి కూడా చెప్పాలి. ఆ రోజులు ఏటికేడు పెరుగుతూ వచ్చాయి.

అలమార చేయించింది అత్తగారే. "కడిగిన గాజు ఇంట్లో ఇంత పడి ఉంది," అని వడ్రంగికి ఆమే తీసిచ్చింది. శుభ్రమ్మ చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం ఆమె కాగితం పట్టుకుని మరిది ఇంటికి వెళ్లింది. రెండు వీధుల అవతల. అతను వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని టేబుల్ ఫ్యాన్ విప్పి, రెక్కలు ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తున్నాడు. రిటైరయ్యాక చుట్టుపక్కల ఇళ్ల ఫ్యాన్లన్నీ అతని వాకిట్లోకే వస్తున్నాయి.

"శుభ్రమ్మగారు దయచేశారు! ఉండు వదినా, కుర్చీ తుడుస్తాను. లేకపోతే నువ్వే తుడుస్తావు."

"నీ వేళాకోళం పోనిచ్చుకోలేదు. ఇందులో సంతకం పెట్టాలిట. చదువుకుని పెట్టు."

అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. అతని మొహం చూడలేక శుభ్రమ్మ ఫ్యాను మోటారు వైపు చూసింది.

"'అజాగ్రత్త.' మంచి మాటే రాశారు. నాన్న ఇంతకంటే ఘాటుగా అన్నాడు." జేబులోంచి పెన్ను తీశాడు.

"పెట్టేస్తావా?" అంది శుభ్రమ్మ. "ఇంట్లోనే పెట్టానని ఒట్లు పెట్టావు కదయ్యా, అప్పుడు?"

"పెట్టాను. కుర్రతనం." పెన్ను మూత తీసి ఆగాడు. "నీతో చెప్పడానికేం వదినా. నలభై ఏళ్లు అందరూ అంటుంటే నాకూ గుర్తొచ్చింది. పోస్టాఫీసు మలుపు దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపింది. వెనకాల ఏదో పడ్డ చప్పుడు. తిరిగి చూడలేదు, ఎండ అలా ఉంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ చప్పుడు వినిపిస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు బస్సు నడిపాను కదా, ఆ మలుపు వస్తే చాలు, బ్రేకు మీద కాలు దానంతటదే పడేది."

ఫ్యాను రెక్క మీదే కాగితం పెట్టుకుని సంతకం చేసి ఇచ్చాడు. కాగితం మూలకు నూనె మరక అంటింది.

"అయ్యో, మరక చేశాను. కడిగేయకు సుమా," అని నవ్వాడు.

శుభ్రమ్మ నవ్వలేదు. కాగితం మడిచి, ఇంటివైపు కాకుండా ఎక్స్ఛేంజి వైపు నడిచింది. పోస్టాఫీసు మలుపు దారిలోనే ఉంది. ఆగి చూసింది. చదునైన రోడ్డు, మూలన ఒక సైకిలు, గోడ నీడలో పడుకున్న కుక్క. పడని డబ్బా చప్పుడు ఒక మనిషి చెవిలో ఇన్నేళ్లుగా ఉంది. ఆ చప్పుడు అక్కడ పెట్టింది తనే.

కేంద్రంలో లైబ్రేరియన్ నిచ్చెనెక్కి గోడకు మేకులు కొడుతోంది. కింద ఇద్దరు ఆడవాళ్లు అట్టపెట్టెలకు నంబర్లు అంటిస్తున్నారు. రాబోయే చీటీల కోసం గోడ మీద తెల్లగా ఖాళీ వదిలిన చోటు ఉంది, తలుపంత.

"సంతకం అయిందా? మీకు శ్రమిచ్చాను."

"ఒకటి అడగనా అమ్మా? ఇందులో రాసింది తప్పని తర్వాత తేలితే ఏం చేస్తారు?"

లైబ్రేరియన్ నోట్లోని మేకు తీసి మాట్లాడింది. "తీసేయమండీ. దాని పక్కనే సరైనది పెడతాం. రెండూ ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏం చెప్పారో చదివేవాళ్లకు తెలియాలి కదా. ఒకసారి గోడకెక్కాక మా దగ్గర ఏదీ చెరగదు."

"అంటే, ఇతని పేరు ఎప్పటికీ ఉండిపోతుంది."

"కాగితం మీ చేతిలో ఉన్నంతవరకూ ఉండదు," అంది లైబ్రేరియన్. నిచ్చెన మీంచి ఆమె వైపు కాసేపు చూసి, మేకు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

శుభ్రమ్మ ఆ కాగితం ఇవ్వలేదు. "సోమవారం తెస్తాను," అని సంచిలో పెట్టుకుని వచ్చేసింది. దారిలో వడ్రంగి కొట్టు దగ్గర ఆగింది.

ఆదివారం మధ్యాహ్నం మరిదిని భోజనానికి రమ్మంది. అతను బాగుచేసిన ఫ్యాను ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు, పక్కింటివాళ్లదట. శుభ్రమ్మ కొడుకు పెద్దావిడ కుర్చీని టేబుల్ దగ్గరికి జరిపాడు. కోడలు మంచినీళ్లు పోసింది. అందరూ తింటున్నంతసేపూ శుభ్రమ్మ వడ్డిస్తూనే ఉంది.

"కూర్చోవే, నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది పెద్దావిడ.

శుభ్రమ్మ కూర్చుంది. గరిటెను గిన్నెలో సరిగ్గా పెట్టింది.

"రేపు ఎనిమిదింటికి వడ్రంగి వస్తాడు," అంది. "నేనే పిలిచాను."

కోడలు చేతిలో జగ్గు ఆగింది. "అలమారకా? నిజంగానా అత్తయ్యా? నా మాట వినడానికి మీకు వడదెబ్బేమైనా తగిలిందా?"

"తలుపులు విప్పుతాడు. జాగ్రత్తగా, అద్దాలు కదలకుండా. అవి చరిత్ర కేంద్రానికి పంపిస్తున్నాను."

"వంటింటి తలుపులకేం చరిత్ర ఉంది?" అన్నాడు భర్త.

"ఇరవై నాలుగు అద్దాలున్నాయి. లెక్కపెట్టండి. ఎడమ తలుపు, మూడో వరస, మధ్యది. చెక్క కింద కాగితం పట్టీ ఉంది. దాని మీద మామగారు వేసిన నంబరు ఉంటుంది. అవి పాత అంగడి వీధి పలకలు. కొట్టు మార్చిన రోజు తొట్టి పక్కన ఉంటే, చెడిపోయినవనుకుని నేనే కడిగేశాను. సాయంత్రానికి తెలిసింది. భయపడి చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు."

కొడుకు తల తిప్పి వంటింటి గుమ్మంలోంచి తలుపుల వైపు చూశాడు. అతని పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు.

పెద్దావిడ పళ్లెంలో చెయ్యి అలాగే ఉంచింది. "తొట్టి పక్కనా?"

"తొట్టి పక్కనే అత్తయ్యా."

"తొట్టి పక్కనున్నవి కడగమని నేనే కదా చెప్పాను," అంది ముసలావిడ నెమ్మదిగా. "ఆ అద్దాలు వడ్రంగికిచ్చిందీ నేనే." తర్వాత చిన్నకొడుకు వైపు చూసి, ఏదో అనబోయి, నీళ్లు తాగింది.

మరిది ఎటూ చూడడం లేదు. మునివేళ్లతో బల్ల అంచును తడుముతున్నాడు.

"అయితే వదినా, మలుపు దగ్గర బండి కుదపలేదా?"

"కుదిపిందో లేదో నాకు తెలియదు నాయనా. డబ్బా మాత్రం పడలేదు. నువ్వు పెట్టానన్నచోటే పెట్టావు."

అతను తల ఊపాడు. ఒకసారి, కాసేపాగి మరోసారి. లేచి, చెయ్యి కడుక్కోవడానికి వెనక వరండాలోకి వెళ్లాడు. తొట్టి ఎప్పుడో తీసేశారు, అక్కడ ఇప్పుడు వాషింగ్ మెషీను ఉంది. కుళాయి చాలాసేపు పారుతున్న చప్పుడు వినిపించింది. శుభ్రమ్మ అతను తిరిగి వచ్చేదాకా ఆగింది. అతను వచ్చి, తన కుర్చీలోనే కూర్చున్నాడు.

శుభ్రమ్మ సంచిలోంచి నూనె మరక ఉన్న కాగితం తీసి, నాలుగు మడతలూ విప్పి, అతని పళ్లెం పక్కన పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచుకో. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. కేంద్రానికి మాత్రం పోదు."

తర్వాత అందరివైపూ తిరిగింది. గొంతు పెంచలేదు, రేపటి వంట గురించి చెప్పినట్టే చెప్పింది.

"అత్తయ్య చెప్పింది అక్కడ అలాగే ఉంచమంటాను. దాని తర్వాత నా మాట వేస్తారు. తలుపులు వెళ్లాక, రేపు పదింటికి నేను రికార్డు చేయించడానికి వెళ్తున్నాను. ఏం కడిగానో, ఎలా కడిగానో, ఎన్నేళ్లు చెప్పలేదో అంతా చెబుతాను. కింద నా అసలు పేరు రాయమంటాను."